ఫైళ్లన్నీ ఉన్నాయి... కనబడటం లేదు!

కంప్యూటర్‌లో ఫోల్డరు తెరిస్తే ఏది ముందు కనిపించాలి, పేరు ఎంతవరకు కనిపించాలి, ఏది దాగి ఉండాలి... ఇవన్నీ మనం మెషీన్ కొనకముందే కంపెనీవాళ్లు నిర్ణయించి పంపిన సంగతులు. వాటిని మార్చుకునే వీలు మన చేతిలోనే ఉంది. ఆ వీలును వాడుకోనివాళ్లే ఎక్కువ. దానివల్ల ఏం జరుగుతోందో, ఎలా మార్చుకోవాలో చెప్పేదే ఈ వారం ముఖచిత్ర కథనం.

ఇంజినీరింగ్ కాలేజీల చుట్టుపక్కల ఉండే జిరాక్స్ సెంటర్లలో ప్రాజెక్టు రిపోర్టుల సీజన్ వచ్చిందంటే ఒక మాట తరచూ వినిపించేది. "అన్నా, పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. రేపే సబ్మిషన్!" కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క ఉండదు. షాపతను తొణకడు. పెన్‌డ్రైవ్ గుర్తు మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరుస్తాడు. ఎనిమిది జీబీ డ్రైవ్‌లో అయిదు జీబీ నిండి ఉన్నట్టు చూపిస్తుంది. "ఏం పోలేదు తమ్ముడూ. అన్నీ ఇక్కడే ఉన్నాయి, కనబడకుండా చేసింది అంతే" అంటూ నల్లటి కమాండ్ విండోలో 'ఆట్రిబ్' అనే ఆదేశం ఒక్క లైను కొడతాడు. ఫోల్డర్లన్నీ తిరిగొస్తాయి.

షార్ట్‌కట్ వైరస్ అని ఊరూరా పేరు పడ్డ ఆ బెడద చేసే పని చాలా చిన్నది. అసలు ఫోల్డర్లను అది చెరపదు. వాటి మీద 'హిడెన్', 'సిస్టమ్' అనే రెండు ముద్రలు వేసి, అదే పేరుతో, అదే బొమ్మతో ఒక షార్ట్‌కట్‌ను పక్కన పెడుతుంది. మనం ఫోల్డర్ అనుకుని దాన్ని నొక్కుతాం. ముందు వైరస్ నడుస్తుంది, ఆ తర్వాత ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది కాబట్టి అనుమానం రాదు. ఆ వైరస్ రాసినవాడు కనిపెట్టింది ఒక్కటే: మనం కంప్యూటరు చూపించినంత మేరకే చూస్తాం, అంతకు మించి చూపించమని అడగం.

అడిగితే చూపిస్తుంది. విండోస్ 11లో ఏ ఫోల్డరైనా తెరిచి పైన 'వ్యూ', అందులో 'షో', అందులో 'హిడెన్ ఐటమ్స్' నొక్కితే దాగినవన్నీ లేతరంగులో బయటపడతాయి. అయితే సిస్టమ్ ముద్ర కూడా పడ్డవి అప్పటికీ కనిపించవు. వాటికోసం ఫోల్డర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' ముందున్న టిక్కు తీయాలి. పని అయ్యాక దాన్ని మళ్లీ పెట్టేయడం మంచిది. కంప్యూటరు నడవడానికి కావలసిన ఫైళ్లు అక్కడుంటాయి, ఇంట్లో పిల్లల చేయి పడితే ప్రమాదం.

అసలు ఫైళ్లను దాచడమనే ఆలోచన అన్నిచోట్లా ఒకేలా పుట్టలేదు. డాస్ కాలంలోనే ప్రతి ఫైలుకూ హిడెన్ అనే గుర్తు విడిగా ఉండేది. యూనిక్స్‌లో మాత్రం పేరు చుక్కతో మొదలైతే ఆ ఫైలు కనబడదు. లైనక్స్‌లోనూ, మ్యాక్‌లోనూ నేటికీ అదే పద్ధతి. అది కావాలని పెట్టిన సౌకర్యం కాదంటాడు యూనిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్. ప్రతి ఫోల్డర్‌లోనూ ఉండే 'చుక్క', 'రెండు చుక్కలు' అనే రెండు పేర్లు జాబితాలో రాకుండా చేద్దామని మొదటి అక్షరం చుక్కా కాదా అని మాత్రమే చూసే చిన్న కోడ్ రాశారట. దాంతో చుక్కతో మొదలయ్యేవన్నీ కనబడకుండా పోయాయి. ఆ పొరపాటే స్థిరపడి అలవాటైంది.

చివరి మూడక్షరాలు ఎక్కడ?

దాగిన ఫైళ్లకంటే ముందు పట్టించుకోవాల్సింది పేరులోనే దాగినదాన్ని. ప్రతి ఫైలు పేరు చివర ఒక చుక్క, దాని తర్వాత మూడో నాలుగో అక్షరాలు ఉంటాయి. పీడీఎఫ్, జేపీజీ, డీఓసీఎక్స్, ఈఎక్స్ఈ వంటివి. ఎక్స్‌టెన్షన్ అంటాం. ఆ ఫైలు చదివేదా, చూసేదా, నొక్కితే నడిచేదా అని చెప్పేది అదే. డాస్‌లో పేరుకు ఎనిమిది అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కు మూడు. అంతకు మించి చోటు లేదు. 1995 ఆగస్టు 24న విండోస్ 95 విడుదలయ్యాక పేర్లు 255 అక్షరాల వరకు పెట్టుకునే వీలొచ్చింది. దాంతోపాటే విండోస్ ఎక్స్‌ప్లోరర్ వచ్చింది. తనకు తెలిసిన రకం ఫైళ్లకు ఎక్స్‌టెన్షన్‌ను చూపకుండా దాచేసే అలవాటూ వచ్చింది. ఇప్పటి విండోస్ 11 కూడా అలాగే దాచిపెట్టి వస్తోంది.

దాచడానికి వాళ్ల కారణం వాళ్లకుంది. కొత్తగా కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లను ఈ అక్షరాలు తికమక పెడతాయని, పేరు మారుస్తూ పొరపాటున ఎక్స్‌టెన్షన్ చెరిపేస్తే ఫైలు తెరుచుకోక ఇబ్బంది పడతారని. అది నిజమే. కానీ పచ్చళ్ల జాడీల మీది చీటీలు చించేసి, మూతల రంగు చూసి ఆవకాయేదో మాగాయేదో పోల్చుకోమన్నట్టుంది ఆ నిర్ణయం. మూతలు మార్చేవాడు ఒకడుంటే ఇంట్లో అందరూ మోసపోతారు.

2000 సంవత్సరం మే 4న సరిగ్గా అదే జరిగింది. ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరిన 'ఐ లవ్ యూ' ఈమెయిలు ప్రపంచాన్ని చుట్టేసింది. దానికి జతచేసిన ఫైలు పేరు 'లవ్-లెటర్-ఫర్-యూ.టీఎక్స్‌టీ.వీబీఎస్'. చివరి వీబీఎస్ కంప్యూటరుకు తెలిసిన రకం కాబట్టి అది దాగిపోయింది. చూసేవాళ్లకు కనిపించింది టీఎక్స్‌టీ, అంటే ఉత్త అక్షరాల ఫైలు. ప్రేమలేఖే అనుకుని నొక్కారు. అది నడిచే ప్రోగ్రాము. వాళ్ల అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్లందరికీ తనను తానే పంపుకుంది. లక్షల కంప్యూటర్లకు పాకింది. బ్రిటిష్ పార్లమెంటు తన ఈమెయిల్ వ్యవస్థను ఆపేయాల్సి వచ్చింది. దాన్ని రాసిన మనీలా యువకుడి మీద కేసు నిలబడలేదు, ఆ దేశంలో అప్పటికి అలాంటి నేరానికి చట్టమే లేదు.

ఆ ప్రోగ్రాము చేసిన ఇంకో పని మన విషయానికి సరిగ్గా అతుకుతుంది. ఫొటోల ఫైళ్ల మీద తన కోడ్ రాసేసి నాశనం చేసింది. పాటల ఫైళ్లను మాత్రం చెరపలేదు. వాటికి హిడెన్ ముద్ర వేసి, అవే పేర్లతో తన ప్రతులు పెట్టింది. ఫొటోలు పోగొట్టుకున్నవాళ్లకు మార్గం లేకపోయింది. పాటలు పోయాయనుకున్నవాళ్లకు దాగినవాటిని చూపించమని అడగడం తెలిసి ఉంటే చాలు, అవన్నీ డిస్కులోనే ఉన్నాయి.

పాత కథ అనుకోకండి. ఇప్పుడు అదే ఎత్తు వాట్సాప్‌లో నడుస్తోంది. పెళ్లి శుభలేఖ అంటూనో, ట్రాఫిక్ చలానా అంటూనో, ప్రభుత్వ పథకం డబ్బులంటూనో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. ఏపీకే అంటే ఫోన్‌లో ఇన్‌స్టాల్ అయ్యే యాప్. శుభలేఖ ఎప్పుడూ జేపీజీగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది తప్ప ఏపీకేగా రాదు. ఆ మూడక్షరాలు చదివే అలవాటున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. లేనివాళ్లు నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తారు. ఓటీపీ మెసేజ్‌లు మోసగాళ్లకు చేరతాయి, ఖాతా ఖాళీ అవుతుంది. అలా జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు దొరికే ఆశ తగ్గిపోతుంది.

బొమ్మను చూసి నమ్మొద్దు

ఎక్స్‌టెన్షన్ కనిపించేలా పెట్టుకున్నాక కూడా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. ప్రోగ్రాము ఫైలుకు ఏ బొమ్మ ఉండాలో ఆ ప్రోగ్రాము రాసినవాడే లోపల పెట్టి పంపుతాడు. పసుపు ఫోల్డరు బొమ్మ పెట్టొచ్చు, ఎర్రటి పీడీఎఫ్ బొమ్మా పెట్టొచ్చు. షార్ట్‌కట్‌లకైతే ఎల్ఎన్‌కే అనే ఎక్స్‌టెన్షన్ ఉంటుంది గానీ, అన్నీ చూపించమని సెట్టింగ్ మార్చినా విండోస్ దాన్ని చూపించదు. బొమ్మ మూలన ఉండే చిన్న బాణం గుర్తే ఆధారం.

అందుకే పెద్ద బొమ్మల కంటే 'డీటెయిల్స్' వ్యూ మేలు. కంట్రోల్, షిఫ్ట్, 6 కలిపి నొక్కితే వచ్చేస్తుంది. పేరు, మార్చిన తేదీ, రకం, సైజు వరుసగా నిలువు గడుల్లో కనిపిస్తాయి. ఇందులో 'టైప్' గడి అబద్ధం చెప్పదు. ఫోల్డరైతే 'ఫైల్ ఫోల్డర్' అని, నడిచే ప్రోగ్రామైతే 'అప్లికేషన్' అని, షార్ట్‌కట్ అయితే 'షార్ట్‌కట్' అని రాసి ఉంటుంది. జిరాక్స్ సెంటర్‌లో ఆ కుర్రాడు ఈ వ్యూలో చూసి ఉంటే, నొక్కకముందే తెలిసిపోయేది. ఫొటోలు వెతికేటప్పుడు పెద్ద బొమ్మలే కావాలి, కంట్రోల్, షిఫ్ట్, 2 నొక్కండి. కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పినా బొమ్మలు పెరుగుతాయి, తగ్గుతాయి. చత్వారం వచ్చిన పెద్దవాళ్లకు ఈ ఒక్క చిట్కా నేర్పితే కళ్లద్దాలు వెతుక్కునే పని తగ్గుతుంది.

తెర మీది ఈ బొమ్మల వ్యవహారం 1981లో జిరాక్స్ కంపెనీ తెచ్చిన 'స్టార్' కంప్యూటరుతో మార్కెట్లోకి వచ్చింది. ఆఫీసు బల్ల మీద ఉండే కాగితాలు, ఫోల్డర్లు, ట్రేలే అందులో బొమ్మలయ్యాయి. 1984లో యాపిల్ మెకింతోష్ వచ్చింది. దాని గుర్తులు గీసింది సూసన్ కేర్. అడ్డం ముప్ఫై రెండు, నిలువు ముప్ఫై రెండు గళ్లలో, నలుపు తెలుపుల్లోనే ప్రతి బొమ్మా ఇమిడిపోవాలి. ఆ మెకింతోష్‌లో ఫోల్డరును ఏ మూలకు జరిపి, ఎంత వెడల్పున ఉంచి మూస్తే, మళ్లీ తెరిచినప్పుడు అక్కడే, అంతే వెడల్పున తెరుచుకునేది. బల్ల మీద పెట్టిన కాగితం పెట్టినచోటే ఉండాలన్న ఆ పట్టుదల నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఇప్పటి సిస్టమ్‌లేవీ అంత శ్రద్ధ చూపడం లేదు.

జీలకర్ర బెల్లం ముందా, తలంబ్రాలు ముందా?

ఇంట్లో పెళ్లయ్యాక ఫొటోగ్రాఫర్ హార్డ్‌డిస్క్ ఇస్తాడు. ఇద్దరు తీసి ఉంటే కథ మొదలవుతుంది. నికాన్ కెమెరా ఫొటోలకు డీఎస్‌సీ అని, కెనాన్ వాటికి ఐఎంజీ అని పేర్లు మొదలవుతాయి. పేరు ప్రకారం వరస పెడితే ఒక కెమెరావన్నీ ముందొచ్చి, రెండోదానివి తర్వాత వస్తాయి. అప్పగింతలు చూసేశాక జీలకర్ర బెల్లం వస్తుంది. పైగా కెమెరా లెక్క 9999 దాకా వెళ్లి మళ్లీ 0001కి తిరుగుతుంది. ఆ మలుపు ముహూర్తం మధ్యలో పడితే ఒకే కెమెరా ఫొటోల్లోనూ వరస తప్పుతుంది.

దీనికి మందు 'డేట్ టేకెన్' గడి. డీటెయిల్స్ వ్యూలో పైనున్న గడుల పేర్ల మీద రైట్ క్లిక్ చేస్తే జాబితా వస్తుంది. అందులో దీన్ని ఎంచుకుని, దాని మీద ఒక్క నొక్కు నొక్కితే రెండు కెమెరాల ఫొటోలూ తీసిన క్షణం ప్రకారం కలిసిపోతాయి. కెమెరా తాను తీసిన సమయాన్ని ఫొటోలోపలే రాసి ఉంచుతుంది, ఆ గడి చదివేది దాన్నే. రెండు కెమెరాల గడియారాల్లో తేడా ఉంటే మాత్రం మళ్లీ కలగాపులగమే. పెళ్లి మొదలవకముందే గడియారాలు సరిచూసుకోమని ఫొటోగ్రాఫర్లకు చెప్పడం ఇంటివాళ్ల పని.

మిగిలిన రెండు తేదీల గురించి కూడా తెలుసుకోవాలి. 2019లో టైపు చేసిన వీలునామాను నిన్న కొత్త ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశారనుకోండి. 'డేట్ క్రియేటెడ్' గడిలో నిన్నటి తేదీ ఉంటుంది, 'డేట్ మోడిఫైడ్' గడిలో 2019 ఉంటుంది. పుట్టకముందే దిద్దినట్టు కనిపిస్తుంది. తప్పేమీ లేదు, ఆ ప్రతి ఈ డిస్కులో పుట్టింది నిన్ననే. కాగితం ఎప్పటిదో తెలియాలంటే మోడిఫైడ్ చూడాలి.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లోపలి సమయం చెరిగిపోతుంది. చుట్టాలు పంపినవాటికి డేట్ టేకెన్ గడి ఖాళీగా ఉండేది అందుకే. అదే ఫొటోను డాక్యుమెంటుగా పంపమంటే అన్ని వివరాలతోనూ వస్తుంది. అయితే వాట్సాప్ పేరు పెట్టే పద్ధతి మాత్రం మనం నేర్చుకోదగ్గది. 2024 ఆగస్టు 15న ఆండ్రాయిడ్ ఫోన్‌కు వచ్చిన ఫొటో పేరులో 20240815 అని ఉంటుంది. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన రోజు. మనం చేత్తో రాసే అలవాటు ప్రకారం 15-08-2024 అని ఫైలుకు పేరు పెడితే, వరసలో అన్ని నెలల ఒకటో తారీకులూ ఒకచోట, రెండో తారీకులూ ఒకచోట చేరతాయి. సంవత్సరం ముందు పెడితే పేరు వరసే తేదీ వరస అవుతుంది. 1988లో వచ్చిన ఐఎస్‌ఓ 8601 ప్రమాణం చెప్పేదీ ఇదే. కరెంటు బిల్లులు, స్కూలు ఫీజు రసీదులు, డాక్టరు రిపోర్టులు అన్నింటికీ ఇలాగే పేర్లు పెట్టండి. అంకెలు వేసేటప్పుడు 1, 2 అనకుండా 01, 02 అని వేయండి. విండోస్ ఎక్స్‌పీ నుంచి 2 తర్వాతే 10 వస్తోంది గానీ, అదే పెన్‌డ్రైవ్‌ను టీవీకో కారులోని మ్యూజిక్ ప్లేయర్‌కో పెడితే 1 తర్వాత 10 వచ్చే అవకాశం ఇప్పటికీ ఉంది.

తెలుగులో పేరు పెట్టొచ్చు

చాలామందికి ఫైలుకు తెలుగులో పేరు పెట్టొచ్చన్న ఆలోచనే రాదు. దానికి మన డీటీపీ చరిత్రే కారణం. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పనిచేసిన రోజుల్లో తెర మీద కనిపించేది తెలుగే అయినా లోపల దాగి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు. ఆ తెలుగును ఫైలు పేరు దగ్గర అతికిస్తే గజిబిజి ఇంగ్లిష్ వచ్చేది. అందుకే శుభలేఖైనా, కరపత్రమైనా ఇంగ్లిష్ పేరుతోనే దాచారు. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చాక ఇళ్లలోని కంప్యూటర్లలోనూ తెలుగు పేర్లు చక్కగా కనిపించసాగాయి.

ఇవాళ 'నాన్న పింఛను', 'పొలం పాస్‌బుక్', 'అమ్మ స్కానింగ్' అని నేరుగా పేర్లు పెట్టుకోవచ్చు. వరస పెడితే ఇంగ్లిష్ పేర్ల తర్వాత తెలుగు పేర్లు మన వర్ణమాల క్రమంలో నిలబడతాయి. వెతుకులాట కూడా తెలుగులో చేయొచ్చు. ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులున్న ఇంట్లో ఇది చిన్న సౌకర్యం కాదు, కొడుకో కూతురో దూరదేశంలో ఉన్నప్పుడు కావలసిన కాగితం తామే తీసుకోగలుగుతారు. ఆన్‌లైన్ దరఖాస్తులకు జతచేసేటప్పుడు మాత్రం కొన్ని సైట్లు తెలుగు పేర్లను ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఒక ప్రతికి ఇంగ్లిష్ పేరు పెట్టి పంపితే సరి.

లైనక్స్ వాడేవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. అక్కడ పేరు పొడవు 255 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు కోడ్ ఒక్కోదానికి మూడు కావాలి. 'స్త్రీ' మన కంటికి ఒకే అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి ఆరు కోడ్‌లు, పద్ధెనిమిది బైట్లు. అలాంటి అక్షరాలు పద్నాలుగు పట్టేసరికి పేరు నిండిపోతుంది. పేరు పొట్టిగా పెట్టుకుంటే ఏ బాధా లేదు.

మార్చిన సెట్టింగ్ ఎందుకు నిలవదు?

"ఒక ఫోల్డర్‌లో డీటెయిల్స్ పెడితే ఇంకోదాంట్లో మళ్లీ బొమ్మలొస్తున్నాయి" అన్నది అందరి ఫిర్యాదు. విండోస్ ప్రతి ఫోల్డరునూ లోపలి సరుకును బట్టి అయిదు రకాల్లో ఒకటిగా లెక్కేస్తుంది: మామూలు, డాక్యుమెంట్లు, ఫొటోలు, పాటలు, వీడియోలు. రకాన్ని బట్టి గడులు మారిపోతాయి. పాటల ఫోల్డర్‌గా పొరబడితే పీడీఎఫ్‌ల పక్కన ఆల్బమ్ పేరు అడుగుతుంది. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో 'కస్టమైజ్' ట్యాబ్‌లో ఆ రకాన్ని మనమే చెప్పవచ్చు. ఆ తర్వాత కావలసిన వ్యూ పెట్టుకుని, ఫోల్డర్ ఆప్షన్స్‌లోని వ్యూ ట్యాబ్‌లో 'అప్లై టు ఫోల్డర్స్' నొక్కితే అదే రకం ఫోల్డర్లన్నింటికీ వర్తిస్తుంది. డౌన్‌లోడ్స్‌లో 'టుడే', 'లాస్ట్ వీక్' అంటూ ముక్కలుగా కనిపించడం నచ్చకపోతే ఖాళీచోట రైట్ క్లిక్ చేసి, 'గ్రూప్ బై' దగ్గర 'నన్' ఎంచుకోండి.

అదే కస్టమైజ్ ట్యాబ్‌లో ఫోల్డర్ బొమ్మనూ మార్చుకోవచ్చు. ముఖ్యమైన కాగితాల ఫోల్డరుకు వేరే గుర్తు పెట్టుకుంటే దూరం నుంచే తెలిసిపోతుంది. అలా మార్చినప్పుడు ఆ ఫోల్డర్‌లో 'డెస్క్‌టాప్.ఐఎన్ఐ' అనే దాగిన ఫైలొకటి పుడుతుంది. ఎప్పుడైనా కంటపడితే వైరస్ అని కంగారుపడకండి. మీరు పెట్టిన బొమ్మ వివరం రాసుకున్న చీటీ అది. మ్యాక్ వాడేవాళ్ల ఫోల్డర్లలో 'డీఎస్ స్టోర్' అనే ఫైలు చేసేదీ ఇలాంటి పనే.

ఇంత కష్టమెందుకు, పేరు కొడితే కంప్యూటరే వెతికిపెడుతుంది కదా అనేవాళ్లున్నారు. పరిశోధకుల అనుభవం వేరుగా ఉంది. మనుషులు ఫైళ్లను ఎలా వెతుక్కుంటారో ఏళ్ల తరబడి గమనించిన ఓఫర్ బెర్గ్‌మన్, స్టీవ్ విటేకర్‌లు తేల్చిందేమిటంటే, వెతుకులాట ఎంత మెరుగుపడినా జనం ఎక్కువగా ఫోల్డర్ల దారినే వెళతారు. పెట్టినచోటు గుర్తుంటుంది, పెట్టిన పేరు గుర్తుండదు. కాబట్టి ఆ దారి చూడగానే పోల్చుకునేలా ఉండటం అవసరం.

ఈ ఆదివారం కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు ఒక్క పని చేయండి. విండోస్ 11 అయితే ఫోల్డర్ తెరిచి 'వ్యూ', 'షో', 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' నొక్కండి. విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే ఆ టిక్కు ఉంటుంది. మ్యాక్‌లో ఫైండర్ సెట్టింగ్స్‌లోని 'అడ్వాన్స్‌డ్' కింద 'షో ఆల్ ఫైల్‌నేమ్ ఎక్స్‌టెన్షన్స్' పెట్టండి. మీదయ్యాక అమ్మానాన్నల కంప్యూటర్‌లోనూ పెట్టి, చుక్క తర్వాత ఏముందో చదివాకే నొక్కమని వాళ్లకు చెప్పండి.